దీవి గడప తొక్కాలంటే

కరవది ఆబోతు ఆగిన చోటు

ఒంగోలు పక్కన కరవది అనే ఊరుంది. 1960ల మొదట్లో ఆ ఊరి ఆబోతు ఒకటి ఓడెక్కి బ్రెజిల్ వెళ్లింది. అక్కడివాళ్లు దానికి ఊరి పేరే పెట్టుకుని కర్వాది అని పిలుచుకున్నారు. బ్రెజిల్‌లో నెలోరె అనే జాతి మన ఒంగోలు పశువుల సంతతే. ఆ జాతి పెంచేవాళ్ల దగ్గర కర్వాది పేరుకు ఇవాళ్టికీ గొప్ప విలువుంది. ఇంతవరకూ మన పత్రికల్లో చాలాసార్లు వచ్చిన కథే. అంతగా రానిది ఇంకొకటుంది.

1962లో మన దేశం నుంచి వెళ్లిన కర్వాదినీ దాని తోటి పశువులనూ బ్రెజిల్ నేరుగా తన గడ్డ మీద దిగనివ్వలేదు. తీరానికి సుమారు 350 కిలోమీటర్ల దూరాన, అట్లాంటిక్‌లో ఫెర్నాండో డి నొరోన్యా అనే చిన్న అగ్నిపర్వతపు దీవి ఉంది. ఒకప్పుడు ఖైదీలను ఉంచిన చోటు. మన ఆబోతులూ ఆవులూ నెలల తరబడి ఆ దీవిలోనే ఉండిపోయాయి. ఏ జబ్బూ లేదని నమ్మకం కుదిరాకే వాటికి బ్రెజిల్ నేల దక్కింది.

వేలకు వేలు పోసి కొన్న గొడ్లను నడిసముద్రంలో అన్నాళ్లు ఎందుకు ఆపారు? ఆ జవాబు కోసం 1920కి, బెల్జియం రేవుకి వెళ్లాలి.

ఒక ఓడ తెచ్చిన చట్టం

ఆ ఏడాది మన దేశం నుంచి బ్రెజిల్‌కి బయల్దేరిన మూపురం పశువులు దారిలో ఆంట్‌వెర్ప్ రేవులో ఆగాయి. వాటిలో రిండర్‌పెస్ట్ ఉంది. జ్వరం, నోట్లో పుళ్లు, ఆగని పారుడు, వారం పది రోజుల్లో చావు. మన ఊళ్లలో తాతలనాడు చావిళ్లకు చావిళ్లే ఖాళీ చేసిన రోగం అది. రేవులో పక్కనున్న పశువులకు అంటుకుంది, అక్కడి నుంచి బెల్జియం పల్లెల్లోకి వెళ్లింది. పడమటి యూరప్ ఆ పాటికి దాన్ని దాదాపు మరిచిపోయి ఉంది. దేశాలన్నీ ఉలిక్కిపడ్డాయి. 1921లో పారిస్‌లో సమావేశమయ్యాయి. 1924 జనవరి 25న 28 దేశాలు సంతకాలు చేసి పశువుల జబ్బుల కోసం ఒక అంతర్జాతీయ కార్యాలయం పెట్టుకున్నాయి. ఇప్పుడు ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ అంటున్నది దాన్నే.

ఒక్కసారి ఆలోచించండి. ఐక్యరాజ్యసమితి కంటే 21 ఏళ్లు ముందు పుట్టిన సంస్థ ఇది. ఇవాళ ఏ దీవికి గొర్రెను పంపాలన్నా, ఏ దేశానికి గేదెను పంపాలన్నా నింపే ఆరోగ్య పత్రానికి ఆధారం ఈ సంస్థ రాసిన ప్రమాణాలే. దాని పుట్టుకకు కారణం మన గొడ్లు ఎక్కిన ఓడ. 1921లో ఈ రోగం బ్రెజిల్‌లోని సావో పాలోలోనూ బయటపడింది. ఆ దేశం మన పశువుల దిగుమతికి తలుపు మూసింది. అందుకే నలభై ఏళ్ల తరవాత కూడా కరవది ఆబోతుకు అంత పరీక్ష.

ఆ రోగం చివరికి ఏమైందంటే, మన దేశంలో 1995 తరవాత కనబడలేదు. 2011లో భూమి మీద ఎక్కడా లేదని ప్రకటించారు. మశూచి తరవాత మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన రెండో రోగం ఇదే, పశువుల రోగాల్లో మొదటిది. పిల్లల పాఠాల్లో మశూచి కథ ఉంటుంది, దీని కథ మాత్రం కనబడదు. వ్యవసాయం మీద బతికిన దేశంలో ఇది పెద్ద లోటే.

దీవి అయితే చాలదు, దూరం ఉండాలి

బ్రెజిల్‌ను దీవి గట్టెక్కించింది. మెక్సికోకి మాత్రం దీవి అక్కరకు రాలేదు.

1945, 46ల్లో మెక్సికో వాళ్లు బ్రెజిల్ నుంచి మూపురం ఆబోతులను తెప్పించుకున్నారు. బ్రెజిల్‌లో గాలికుంటు అనే పశువుల రోగం ఉందని, ఆ పశువులు తమ సరిహద్దు పక్కకు రాకూడదని అమెరికా గోల పెట్టింది. మెక్సికో రెండో విడత పశువులను సాక్రిఫిసియోస్ అనే దీవిలో కొన్ని నెలలు ఉంచింది. ఆ దీవి వెరాక్రూజ్ రేవు నుంచి కంటికి కనిపించేంత దగ్గర. 1946 డిసెంబరులో సరిగ్గా ఆ వెరాక్రూజ్ రాష్ట్రంలోనే గాలికుంటు బయటపడింది. ఆ ఎద్దులతోనే వచ్చిందని అమెరికా గట్టిగా నమ్మింది. రోగాన్ని అణచడానికి రెండు దేశాలూ కలిసి దాదాపు 10 లక్షల పశువులను చంపి పూడ్చాయి. పల్లెల్లో తుపాకులతో దిగిన బృందాలకూ దుక్కిటెద్దు పోతే బతుకే పోయే పేద రైతులకూ మధ్య గొడవలు జరిగాయి, ప్రాణాలు పోయాయి. చివరికి చంపడం ఆపి టీకాల దారి పట్టాక, 1950ల మధ్యలో గానీ మెక్సికో తేరుకోలేదు.

పత్రంలో ఏముంటుంది?

ఏ దీవి నిబంధనలు తిరగేసినా అడిగే సంగతులు ఇంచుమించు ఒకటే. పశువు పుట్టిన చోట ఫలానా రోగాలు ఇన్ని నెలలుగా లేవని ప్రభుత్వ పశువైద్యుడి సంతకం. చెవికి నంబరున్న ట్యాగు. మన రైతులకు ఇది కొత్త కాదు, మన ఆవుల చెవులకు వేలాడే పసుపు ట్యాగు మీద 12 అంకెలు ఉంటాయి. ఆపైన రక్త పరీక్షలు, టీకాల తేదీలు, పిడుదులు లేకుండా మందు పిచికారీ, కడిగి ఆరబెట్టిన లారీ. దారిలో వేసే గడ్డి ఎక్కడిదో కూడా అడుగుతారు. బయల్దేరే ముందు కొన్ని వారాలు, దిగాక కొన్ని వారాలు విడిగా కట్టెయ్యడం.

ఈ పరీక్షల్లో రెండింటి గురించి చెప్పాలి. బ్రూసెల్లోసిస్, అంటే చూలు పశువులు ఈసుకుపోయే రోగం, ఉందో లేదో చూడటానికి తెల్లటి పింగాణీ పలక మీద పశువు రక్తపు నీరు ఒక చుక్క వేస్తారు. పక్కనే గులాబీ రంగు మందు ఒక చుక్క. పుల్లతో రెండింటినీ కలిపి, పలకను చేత్తో అటూ ఇటూ నాలుగు నిమిషాలు వంచుతూ ఉంటారు. నునుపుగా గులాబీ నీళ్లలాగే ఉండిపోతే పశువు బయటపడ్డట్టు. సన్నటి రవ్వలు కట్టాయా, అనుమానం ఖాయం, ఇంకో పెద్ద పరీక్షకు పంపాల్సిందే. ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. మన జిల్లా పశువైద్యశాలల్లో కూడా చేస్తారు.

క్షయ పరీక్షలో మెడ మీద రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు కత్తిరించి, అక్కడి తోలును మడతపట్టి కొలిచి రాసుకుంటారు. తోలు పొరల్లోకి 0.1 మిల్లీలీటరు మందు ఎక్కిస్తారు. 72 గంటల తరవాత మళ్లీ అదే మడతను కొలుస్తారు. కొన్ని మిల్లీమీటర్లు లావెక్కితే ఆ పశువు ప్రయాణం ఆగిపోయినట్టే. మూడు రోజులు అంటే మూడు రోజులే, తొందరపడి రెండో రోజే చూసి సంతకం పెడితే ఆ కాగితానికి విలువ లేదు.

గాలికుంటుకు ఇంకో చిక్కుంది. పుళ్లు మాని, పశువు మామూలుగా మేస్తూ ఉన్నా వైరస్ కొన్నిటి గొంతులో దాక్కుంటుంది. ఆవుల్లో ఇది మూడేళ్ల దాకా ఉండొచ్చు. దాన్ని పట్టుకోవడానికి పొడవాటి కడ్డీ చివర చిన్న గిన్నె ఉన్న పరికరాన్ని నోట్లోంచి దింపి గొంతు గోడను గీకి తీస్తారు. పశువుకి ఇబ్బందే, పట్టుకునే మనిషికి ఇంకా ఇబ్బంది.

పరీక్షలన్నీ దాటినా నమ్మకం చాలదనుకున్న చోట్ల మరో ఏర్పాటు ఉండేది. ఆస్ట్రేలియా 1981లో హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో పెద్ద క్వారంటైన్ కేంద్రం తెరిచింది. అమెరికా అంతకు కాస్త ముందు ఫ్లోరిడా కొసన ఫ్లెమింగ్ కీ అనే దీవిలో పెట్టింది. ఇలాంటి కేంద్రాల్లో వచ్చిన పశువుల మధ్య స్థానిక పశువులను కలిపి కట్టేసేవారు. ఏ రోగమూ ఎరగని అమాయకపు పశువులు అవి. పరదేశి పశువు లోపల ఏదైనా దాచుకుని ఉంటే ముందు జబ్బు పడేది ఇవే. నాకు ఈ విషయం చదివిన ప్రతిసారీ ఆ స్థానిక దూడల మీద జాలి కలుగుతుంది. అయినా ఒక దేశపు మందలన్నీ వాటి ఒంటి మీద ఆధారపడి బతికాయన్నది కాదనలేం.

20 గొర్రెలు, ఆరు లక్షల చావులు

కాగితాలు సరిగ్గా ఉన్నా ఎంత నష్టం జరగొచ్చో తెలియాలంటే ఐస్‌లాండ్ కథ వినాలి.

1933లో ఐస్‌లాండ్ జర్మనీలోని హాలె పట్నం నుంచి 20 కారకుల్ గొర్రెలను తెప్పించుకుంది. కారకుల్ పిల్లల ఉంగరాల బొచ్చు తోలుకు యూరప్‌లో మంచి ధర. గొర్రెల మీదే బతికే ఆ దేశానికి నాలుగు డబ్బులు వస్తాయని ఆశ. తప్పేమీ చెయ్యలేదు వాళ్లు. గొర్రెల వెంట ఆరోగ్య పత్రాలు ఉన్నాయి. దిగాక రెండు నెలలు విడిగా ఉంచారు. ఒక్కటీ దగ్గలేదు, ఒక్కటీ కుంటలేదు. నిక్షేపంగా ఉన్నాయని తలా కొన్ని రైతులకు పంచారు.

రెండు మూడేళ్లు గడిచాక ఒక్కో ఊళ్లో గొర్రెలకు ఆయాసం మొదలైంది. కొన్ని చిక్కి శల్యమయ్యాయి, కొన్నిటికి వెనక కాళ్లు పడిపోయాయి, కొన్ని పారి పారి చచ్చాయి. ఒకటి కాదు, ఆ 20 గొర్రెలు నాలుగు రోగాలను మోసుకొచ్చాయి. ఊపిరితిత్తుల్లో గడ్డలు కట్టేది ఒకటి, పేగులను పాడుచేసే జోన్స్ రోగం ఒకటి, ఊపిరి ఆడకుండా చేసే మైదీ, మెదడూ నరాలూ తినేసే విస్నా. నాలుగింటికీ ఒకే లక్షణం: ఒంట్లో చేరిన తరవాత నెలలు, ఏళ్లు గడిస్తే గానీ బయటపడవు. రెండు నెలల క్వారంటైన్ వాటికి లెక్కే కాదు.

శతాబ్దాలుగా బయటి గొర్రెలతో పెద్దగా కలవని మందలు అవి. ఎండాకాలం అందరి గొర్రెలూ కొండ మీద కలిసి మేసి, చలికాలం ఇరుకు కొట్టాల్లో ముక్కుకు ముక్కు ఆనించి పడుకుంటాయి. రోగానికి ఇంతకంటే ఏం కావాలి? లక్షకు పైగా గొర్రెలు చచ్చిపోయాయి. దేశమంతా అడ్డంగా నిలువుగా కంచెలు వేసి ముక్కలు చేశారు. రోగం ఉన్న ప్రాంతంలోని గొర్రెలన్నిటినీ, మంచివీ చెడ్డవీ అని చూడకుండా, చంపేశారు. అలా చంపినవి ఆరు లక్షలకు పైనే. ఆ పల్లెలు కొంతకాలం ఒక్క గొర్రె లేకుండా ఉన్నాయి. తరవాత రోగం సోకని వాయువ్య మూల నుంచి పిల్లలను తెచ్చి మళ్లీ మొదలుపెట్టారు. మైదీ ఆఖరి ఆనవాలు పోయేసరికి 1965 వచ్చింది. ఒక గొర్రెల కాపరి యవ్వనంలో మొదలైన పీడ అతని ముసలితనంలో ముగిసింది. ఇప్పటికీ అక్కడ ప్రాంతానికో రంగు చెవి ట్యాగు ఉంటుంది. కంచె దాటి గొర్రెను అవతలికి తోలాలంటే ప్రభుత్వం ఒప్పుకోవాలి.

ఇదే విపత్తులోంచి వైద్యశాస్త్రానికి ఒక పెద్ద మేలు జరిగింది. బ్యోర్న్ సిగుర్ద్‌సన్ అనే ఐస్‌లాండ్ వైద్యుడు ఈ గొర్రెలను ఏళ్ల తరబడి గమనించి, 1954లో నెమ్మది వైరస్ రోగాలు అనే భావనను ప్రపంచం ముందు పెట్టాడు. అంటే, ఒంట్లో ఏళ్లు మౌనంగా ఉండి తరవాత కాటేసే జబ్బులు. తరవాత ముప్పై ఏళ్లకు ఎయిడ్స్ వైరస్ దొరికినప్పుడు చూస్తే, అది విస్నా వైరస్ కుటుంబానిదే. మనుషుల ఎయిడ్స్‌ను అర్థం చేసుకోవడానికి మొదటి మెట్టు ఒక దీవి గొర్రెల దగ్గర ఉంది.

వెళ్తే తిరిగి రాని గుర్రం

ఆ దెబ్బ తిన్న దేశం ఇప్పుడు గుర్రాల విషయంలో ఎంత పట్టుగా ఉందో చూడండి. ఐస్‌లాండ్ గుర్రం ఒక్కసారి దేశం దాటితే మళ్లీ సొంత గడ్డ మీద కాలు పెట్టకూడదు. ప్రపంచ పోటీలకు తీసుకెళ్లిన గుర్రం గెలిచినా ఓడినా అక్కడే ఎవరికో ఇచ్చి రావాలి. వాడిన జీను, కళ్లెం దేశంలోకి తేవడం నిషేధం. ఇంత చేసినా 2010లో ఏదో దారిన దగ్గు రోగం ఒకటి చొరబడి దేశంలో గుర్రాలన్నిటికీ పాకింది. గుర్రాలవాళ్లు రెండేళ్లకోసారి ఎంతో ఇష్టంగా జరుపుకునే జాతీయ ఉత్సవాన్ని ఆ ఏడు వాయిదా వేసుకున్నారు.

తేనెటీగా పశువే

ఆస్ట్రేలియాలోని కంగారూ దీవికి 1880ల్లో ఇటలీలోని లిగూరియా ప్రాంతపు తేనెటీగలను తెచ్చారు. 1885లో ఆ దీవిని తేనెటీగల ఆశ్రయంగా చట్టం చేశారు. అప్పటి నుంచి బయటి ఈగలు రాకూడదు. ఇవాళ్టికీ ఆ దీవికి వెళ్లే యాత్రికుడు సంచిలో తేనె సీసా కూడా పట్టుకెళ్లకూడదు. వాడిన తేనెపెట్టెలు అసలే కూడదు. తేనెలో రోగపు బీజాలు ఏళ్లకేళ్లు బతుకుతాయి, అదీ కారణం.

కుక్కకు మాత్ర

బ్రిటన్, ఐర్లండ్, మాల్టాలకు కుక్కను తీసుకెళ్లాలంటే, గడప తొక్కడానికి 1 నుంచి 5 రోజుల ముందు బద్దెపురుగు మాత్ర వేయించి డాక్టరు చేత రాయించుకోవాలి. వారం ముందు వేయిస్తే చెల్లదు, మధ్యలో మళ్లీ పురుగు పట్టొచ్చు. ఆ పురుగు గుడ్లు మనిషి కడుపులో పడితే కాలేయంలో పుట్టేది ప్రాణాంతకమైన జబ్బు.

గాలికి గడప లేదు

కాగితాలూ కంచెలూ అన్నీ పశువు కోసమే. కానీ 1981 మార్చిలో ఇంగ్లండ్‌కి దక్షిణాన ఉన్న వైట్ దీవిలో గాలికుంటు బయటపడింది, ఏ పశువూ రాకుండానే. వెతగ్గా తేలింది ఏమిటంటే, సముద్రానికి అవతల ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో పందులకు గాలికుంటు వచ్చింది. జబ్బు పడ్డ పంది ఊపిరి వదిలినప్పుడు ఆవు కంటే వేల రెట్లు ఎక్కువ వైరస్ వదులుతుంది. చల్లటి తేమ గాలి ఆ వైరస్‌ను నీళ్ల మీదుగా 250 కిలోమీటర్లు మోసుకొచ్చింది. నేల మీదైతే చెట్లూ వేడీ దాన్ని చెదరగొడతాయి. సముద్రం మీద దానికి అడ్డేదీ లేదు. దీవికి సముద్రం గోడ అనుకుంటాం గానీ, ఈ రోగానికి అదే రాచబాట.

2007లో మరో దారి తెలిసింది. తెలంగాణ, రాయలసీమ గొర్రెల కాపరులకు బాగా తెలిసిన నీలినాలుక రోగం ఆ ఏడు ఇంగ్లండ్ తూర్పు తీరంలో మొదటిసారి దిగింది. ఆగస్టు మొదటి వారంలో ఒక రాత్రి గాలికి బెల్జియం వైపు నుంచి కొట్టుకొచ్చిన సన్నటి దోమల్లాంటి పురుగులు తెచ్చాయది.

ముక్కులో, జోళ్లలో

గాలికుంటు మనిషికి రావడం చాలా అరుదు. కానీ జబ్బు పశువుల మధ్య తిరిగిన మనిషి ముక్కులో ఆ వైరస్ ఒక రోజుకు పైగా ఉండగలదని 1970ల నాటికే పరిశోధకులు చూపించారు. రోగం ఉన్న కొట్టంలో పనిచేసిన డాక్టరు కొన్ని రోజుల పాటు మరో మంద దగ్గరికి వెళ్లకూడదనే నియమం అందుకే.

2007 ఆగస్టులో ఆస్ట్రేలియాలో ఏం జరిగిందో చూడండి. అంతవరకూ గుర్రాల ఫ్లూ ఎరగని దేశమది. జపాన్ నుంచి వచ్చిన పందెపు గుర్రాలను సిడ్నీ దగ్గరి క్వారంటైన్‌లో ఉంచారు. గుర్రాలు కట్టు దాటలేదు. కానీ వాటిని చూసుకున్న మనుషులు ఒళ్లూ బట్టలూ సామానూ సరిగ్గా శుభ్రం చేసుకోకుండా బయటికి వెళ్లొచ్చారని తరవాత విచారణలో తేలింది. వేల గుర్రాలకు పాకింది, పందేలు నెలల పాటు ఆగాయి. గొప్ప కంచె కట్టి, గేటు దగ్గర సబ్బు నీళ్ల నియమం వదిలేస్తే వచ్చే ఫలితం అది.

మాంసం సంగతి కూడా ఇక్కడే. గాలికుంటు వైరస్‌కు పులుపు గిట్టదు. పశువు కోశాక కండలో ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం వైరస్‌ను చంపేస్తుంది. ఎముక మూలుగలో, గ్రంథుల్లో మాత్రం అది బతికే ఉంటుంది. అందుకే మన దేశం నుంచి వెళ్లే గేదె మాంసం ఎముకలూ గ్రంథులూ తీసేసిన ముక్కలే.

ప్రయోగశాలకూ దీవే దిక్కు

రోగాన్ని దీవిలోకి రానివ్వకపోవడం ఒక ఎత్తు, రోగాన్ని దీవిలోనే బంధించడం ఇంకో ఎత్తు. 1898లో గాలికుంటుకు కారణం బ్యాక్టీరియా కంటే సూక్ష్మమైనదని లోఫ్లర్, ఫ్రోష్ అనే జర్మన్లు కనుక్కున్నారు. పశువుల రోగాల్లో అలా తేలిన మొదటి వైరస్ అది. ప్రయోగాల వల్ల చుట్టుపక్కల పశువులకు రోగం అంటుకోవడంతో లోఫ్లర్ 1910లో బాల్టిక్ సముద్రంలోని రీమ్స్ దీవికి పరిశోధనను మార్చాడు. ఆ సంస్థ నేటికీ అక్కడే నడుస్తోంది, ఆయన పేరుతోనే. డెన్మార్క్ లిండ్‌హోమ్ దీవిని, అమెరికా ప్లమ్ ఐలండ్‌ను ఇదే పనికి ఎంచుకున్నాయి. 1978లో ప్లమ్ ఐలండ్ లోపలే, ప్రయోగశాల గోడల బయట కట్టిన పశువులకు గాలికుంటు సోకింది. చుట్టూ నీళ్లుండటం వల్లే అది అమెరికా గడ్డను చేరలేదు.

సుంబాలో మన ఒంగోలు

ఇండొనేషియాలోని సుంబా దీవికి 20వ శతాబ్దం మొదట్లో డచ్చివాళ్లు ఒంగోలు పశువులను తీసుకెళ్లి, ఆ దీవిని వాటి పెంపకానికే కేటాయించారు. అక్కడ పెరిగిన మంద నుంచి జావాకూ మిగతా దీవులకూ ఆబోతులు వెళ్లాయి. జావా రైతులు ఇష్టంగా పెంచుకునే తెల్లటి మూపురం పశువులు అలా వచ్చినవే. సుంబా ఒంగోలు పేరుతో ఆ జాతి నేటికీ ఉంది. ప్రకాశం జిల్లాలో ట్రాక్టర్ల రాకతో ఒంగోలు గిత్త తగ్గిపోతున్న కాలంలో, వేల మైళ్ల అవతల ఒక దీవి దాన్ని కాపాడుకుంటోందంటే మనసు నిండుతుంది, కొంచెం కలుక్కుమంటుంది కూడా.

అదే దేశంలో బాలి దీవి ఇంకా గట్టిది. అక్కడ బాలి పశువులు తప్ప వేరే జాతి ఆవులు ఉండకూడదు. బాన్‌టెంగ్ అనే అడవి పశువును మచ్చిక చేసి తయారుచేసుకున్న ఎర్రటి జాతి అది. జాతి కలగాపులగం కాలేదు, నిజమే. కానీ 1964లో ఆ దీవిలోని జెంబ్రానా జిల్లాలో అదివరకెన్నడూ చూడని రోగం ఒకటి పుట్టి వేల పశువులను చంపింది. తరవాత తేలింది, అది కూడా విస్నా, ఎయిడ్స్ వైరస్‌ల కుటుంబానిదే. వాటిలా ఏళ్లు ఆగదు, వారం పన్నెండు రోజుల్లోనే పడగొడుతుంది. 

ఇండొనేషియా 1986 నుంచి గాలికుంటు లేని దేశంగా ఉండేది. 2022 మేలో తూర్పు జావాలో మళ్లీ కనబడింది. రెండు నెలలు తిరక్కుండానే బాలికి చేరింది. బాలి నుంచి రోజూ విమానాల నిండా యాత్రికులు దిగే ఆస్ట్రేలియా, 1872 తరవాత ఆ రోగం చూడని దేశం, తన విమానాశ్రయాల్లో మందులో తడిపిన పట్టాలు పరిచి జోళ్లు తుడిపించింది.

మారిషస్‌లో రెండుసార్లు

మన కోస్తా జిల్లాల నుంచి చెరకు తోటలకు కూలీలు వెళ్లిన మారిషస్‌కు గొడ్లూ మన దేశం నుంచే వెళ్లేవి. 1901లో అలా వెళ్లిన పశువులతో సర్రా అనే రోగం దిగింది. జోరీగలు కుట్టి అంటించే రక్తపు జబ్బు. ఆవులు మోస్తూ నిబ్బరంగా ఉంటాయి, గుర్రాలూ కంచర గాడిదలూ చస్తాయి. చెరకు బళ్లు లాగేవి ఆ కంచర గాడిదలే కావడంతో తోటల పని కుంటుపడింది. తెచ్చిన పశువు ఆరోగ్యంగా కనిపించడం ఎంత మోసమో ఈ రోగం నేర్పింది.

2016లో మళ్లీ. మారిషస్‌కు తూర్పున 600 కిలోమీటర్ల దూరంలో దాని పాలన కిందే ఉన్న రోడ్రిగ్స్ దీవి ఉంది. అక్కడి రైతులు గొడ్లనూ మేకలనూ ఓడలో మారిషస్‌కు అమ్ముకుంటారు. ఆ జులైలో రోడ్రిగ్స్‌లో గాలికుంటు బయటపడింది. ఆగస్టుకల్లా మారిషస్‌లో. సెప్టెంబరులో బక్రీదు. ఒకే దేశం కదా అని రెండు దీవుల మధ్య రాకపోకలు తేలిగ్గా తీసుకోవడం ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది. సొంత దీవి నుంచి వచ్చే పశువుకీ కాగితం కావాల్సిందే.

మన దీవులు

మన దేశంలో రేబీస్ లేని ప్రాంతాలు రెండే అని చెబుతారు: అండమాన్ నికోబార్, లక్షద్వీప్. లక్షద్వీప్‌లో కుక్కను తేవడమే నిషేధం. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) చాలామంది ఉన్నారు, విశాఖ నుంచి ఓడలు తిరుగుతాయి. ఆ ఓడలో రహస్యంగా ఎక్కించిన ఒక్క కుక్కపిల్ల చాలు, ఈ మాట అబద్ధం కావడానికి. బాలి అనుభవమే సాక్ష్యం. తరాలుగా రేబీస్ ఎరగని ఆ దీవికి 2008లో అది చేరింది, మరో దీవి నుంచి పడవలో వచ్చిన కుక్కతో అని అంటారు. కొన్నేళ్లలోనే 100 మందికి పైగా చనిపోయారు. పశువుల డాక్టర్లు ఇంటింటికీ తిరిగి లక్షల కుక్కలకు టీకాలు వేశారు, అయినా ఇవాళ్టికీ పూర్తిగా పోలేదు.

పశువు రాకుండా దూడ రావడం

ఇప్పుడు చాలా దీవులు పశువునే రప్పించడం మానేశాయి. ఏడు రోజుల పిండాన్ని తీసి, పైపొర చెక్కుచెదరలేదని సూక్ష్మదర్శినిలో చూసి, పదిసార్లు కడుగుతారు. మధ్యలో రెండుసార్లు ట్రిప్సిన్ అనే ద్రావణంలో ముంచుతారు, పొరకు అంటుకున్న వైరస్ ఊడిపోవడానికి. తరవాత సన్నటి గొట్టంలో పెట్టి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో గడ్డకట్టిస్తారు. ఒక క్యాన్‌లో ఒక మంద పట్టేస్తుంది.

గొర్రెల దెబ్బ మరవని ఐస్‌లాండ్ కూడా చివరికి ఈ దారిలోనే మాంసపు జాతి పశువులకు తలుపు తెరిచింది. నార్వే నుంచి ఆంగస్ జాతి పిండాలను తెప్పించి, దేశపు ఆవుల కడుపులో పెట్టింది. ఆ ఆవులను మిగతా మందలకు దూరంగా, స్టోరా ఆర్మోట్ అనే చోట ప్రత్యేకంగా కట్టిన కేంద్రంలో ఉంచారు. 2018లో మొదటి దూడలు పుట్టాయి. ఐస్‌లాండ్ గడ్డ మీదే పుట్టి, ఐస్‌లాండ్ ఆవు పాలు తాగిన ఆ దూడలను కూడా పరీక్షలన్నీ పూర్తయ్యే దాకా, నెలల తరబడి, రైతులకు అమ్మలేదు.